ఫ్రాన్స్ యూనివర్సిటీతో ఉమ్మడి ప్రాజెక్టు: డబ్బు ఎవరిస్తారు, ఎలా వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు రాయలసీమలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్. బోరుబావుల నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని చేస్తున్నారు. మీతో పాటు పీహెచ్‌డీ చేసినావిడ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఒక యూనివర్సిటీలో ఉన్నారు. పోయినేడాది రెండు యూనివర్సిటీలకూ ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అయింది. "ఇప్పుడు ప్రాజెక్టుకు డబ్బు ఎవరిని అడగాలి? వాళ్ల యూనివర్సిటీ మాకు కొంత పంపగలదా? మొదటిసారి ఎంత అడిగితే బాగుంటుంది? ఫ్రెంచ్ రావాలా?" అన్నారు.

నేను రిటైరై కొన్నేళ్లయింది. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఉమ్మడి ప్రాజెక్టులు మూడు తెచ్చుకున్నాను. రెండు చివరిదాకా నడిచాయి, ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత కొంతకాలం ఇతరుల ప్రపోజళ్లు చదివి మార్కులు వేసే పనీ చేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా డబ్బు సరిహద్దు దాటదు. మీ ఖర్చు మన వైపు నుంచి వస్తుంది, ఆవిడ ఖర్చు వాళ్ల వైపు నుంచి వస్తుంది. అటూ ఇటూ తిరిగేవి మనుషులు, డేటా, ఎప్పుడైనా నాలుగు శాంపిళ్లు. పేరుకు ప్రాజెక్టు ఒకటే గానీ లెక్కల్లో అవి రెండు. శాంక్షన్ ఆర్డర్లు రెండు, మొదలయ్యే తేదీలు రెండు, ఆడిట్లు రెండు. ఇది బుర్రకెక్కనంతకాలం నేను నష్టపోతూనే ఉన్నాను.

మొదటి ప్రాజెక్టులో ఏమైందో చెబుతాను. అవతలి వాళ్లకు అక్టోబర్‌లో డబ్బొచ్చింది. వెంటనే పద్దెనిమిది నెలల కాంట్రాక్టు మీద ఒక పోస్ట్‌డాక్‌ను, అంటే పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసే మనిషిని, పెట్టుకున్నారు. మనకు శాంక్షన్ ఆర్డర్ వచ్చేసరికి మార్చి. డబ్బు ఖాతాలో పడేసరికి జూన్. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టుకు ప్రకటన, ఇంటర్వ్యూ, సంతకాలు పూర్తయ్యేసరికి సెప్టెంబర్. మా కుర్రాడు వానాకాలం తర్వాత మొదటి శాంపిల్ తీసేనాటికి ఆ పోస్ట్‌డాక్ కాంట్రాక్టులో ఏడాది గడిచిపోయింది. కుర్రాడికి పని చేతికొచ్చే వేళకు ఆ పోస్ట్‌డాక్ ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగంలో చేరింది. ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకే ల్యాబ్‌లో కూర్చోలేదు. తప్పు ఎవరిదీ కాదు, రెండు గడియారాలు వేరు, అంతే.

అందుకే ప్రపోజల్ రాసేటప్పుడు మీ సగం, ఆవిడ సగం ఆరేడు నెలలు తేడాగా మొదలైనా పని ఆగకుండా ఉండేలా రాసుకోండి. "మొదటి ఆరు నెలల్లో ఫ్రాన్స్ బృందం పరికరం బిగిస్తే, ఏడో నెల నుంచి మేం కొలతలు మొదలుపెడతాం" అని రాశారో, వాళ్ల ఆలస్యం కూడా మీ నెత్తికే చుట్టుకుంటుంది.

ఇక ఎంఓయూ. దాని వల్ల పైసా రాదు. శాలువాలు, ఫోటో, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వార్త, అంతటితో దాని పని సరి. తీసిపారేయాల్సిన కాగితం మాత్రం కాదు, కొన్ని కాల్స్‌లో, అంటే ఏజెన్సీలు ప్రపోజళ్లు పంపమని ఇచ్చే ప్రకటనల్లో, ఒక ప్లస్ పాయింటుగా చూస్తారు. నిజంగా పనికొచ్చేది తర్వాత రాసుకునే ప్రాజెక్టు అగ్రిమెంట్. డేటా ఎవరిది, పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ, పేటెంట్ వస్తే వాటాలెంత, ఒకరు వదిలేసి పోతే ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. డబ్బు రాకముందే, స్నేహం బాగున్నప్పుడే అది రాసుకోండి. డబ్బొచ్చాక రాసుకుందామంటే మొహమాటాలు అడ్డొస్తాయి.

"వాళ్ల యూనివర్సిటీ మాకు పంపగలదా" అన్నారు కదా. అసలు కుదరదని కాదు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, దాటి రావాలి. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు అందులో మినహాయింపు ఉంది. మీ యూనివర్సిటీ ఆ కోవలోకి వస్తుందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద నడవొద్దు. సొసైటీ కింద నడిచే ప్రైవేటు కాలేజీల్లో ఉన్న మిత్రులకైతే రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క యూరో కూడా తీసుకునే వీల్లేదు. పైగా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి, అక్కడి నుంచి ఇంకో సంస్థకు మళ్లించకూడదు. చిన్న మొత్తం కోసం ఇంత తతంగం ఎందుకు? దారి వేరే ఉంది.

భారత్, ఫ్రాన్స్ మధ్య ఇదే పనికి 1987లో పుట్టిన సంస్థ సెఫిప్రా. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ), వాళ్ల విదేశాంగ శాఖ కలిసి నడుపుతున్నాయి. ఆఫీసు ఢిల్లీలో ఉంది. మామూలు ద్వైపాక్షిక కాల్స్‌కూ దీనికీ తేడా ఉంది. మామూలు కాల్‌లో మీరు డీఎస్‌టీకి, ఆవిడ తన ఏజెన్సీకి ఒకే ప్రపోజల్‌ను విడివిడిగా పెట్టాలి. ఒక్కరు పెట్టడం మరిచినా, గడువు దాటాక పెట్టినా, రెండోవాళ్లదీ చదవకుండానే పక్కన పడేస్తారు. ఇది నవ్వులాట కాదు. నేను చూసిన ప్రతి రౌండ్లో కొన్ని ప్రపోజళ్లు ఇలాగే పోయేవి. అక్కడి సాయంత్రం అయిదంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అన్న లెక్క దగ్గర కూడా జనం దెబ్బతిన్నారు. సెఫిప్రాలో రెండు దేశాల డబ్బూ ఒకచోట చేరుతుంది. ప్రపోజల్ ఒకటే, పరిశీలన ఒకటే, తీర్పు ఒకటే. మామూలు పరిశోధన ప్రాజెక్టులు మూడేళ్ల దాకా ఉంటాయి. మీలాంటి వాళ్లకు ఇదే సరైన గడప అని నా నమ్మకం.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మీ సబ్జెక్టులో ఫ్రాన్స్‌తో స్నేహం మన నేల మీదే పాతికేళ్లుగా నడుస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి 1999లో ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రాన్ని పెట్టుకున్నాయి. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ పరీవాహక ప్రాంతాన్ని బోరు బోరుగా కొలిచారు. తర్వాత చౌటుప్పల్ దగ్గర పరిశోధన కోసమే బోర్లు వేసిన క్షేత్రం ఒకటి తయారైంది. ఫ్రాన్స్ వాళ్ల హెచ్ ప్లస్ అనే భూగర్భజల పరిశీలనా కేంద్రాల వరసలో మన హైదరాబాద్ దగ్గరి బోర్లూ ఉన్నాయి, బ్రిటనీ తీరంలోని ప్లోమర్ అనే ఊరి బోర్లూ ఉన్నాయి. అక్కడా గట్టి రాతి పగుళ్లలోంచి వచ్చే నీళ్లే. వాన తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పరిశీలించేవాళ్లు మొట్టమొదట వెతికేది ఒక్క ప్రశ్నకు జవాబు: ఈ పనికి రెండు దేశాలు ఎందుకు? "వారి వద్ద అధునాతన పరికరాలు కలవు, మా వద్ద ఫీల్డ్ సైట్లు కలవు" అని రాసిన ప్రపోజళ్లు బోలెడు చదివాను. వాటికి నేను మార్కులు తక్కువే వేసేవాణ్ణి. పరికరమే కావాలంటే శాంపిల్ పంపి ఫీజు కడితే సరిపోతుంది, దానికి ప్రాజెక్టెందుకు? మీ దగ్గర అంతకన్నా మంచి జవాబే ఉంది. ఇలాంటి రాయే అక్కడ ఏడాది పొడవునా తడుస్తుంది, ఇక్కడ నాలుగు నెలలు తడిసి ఎనిమిది నెలలు ఎండుతుంది. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగడంలో ఆ ఎండ పాత్ర ఎంత? ఈ ప్రశ్నకు ఒక్క దేశంలో కూర్చుంటే జవాబు దొరకదు. ఆ ఒక్క పేరా మీద రెండు వారాలు కూర్చున్నా తప్పులేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న బీఐఎస్ ప్రమాణంతో మొదలుపెట్టి నల్గొండ వంకర కాళ్ల కథ రెండు పేజీలు రాయకండి. చదివేవాళ్లకు అది తెలుసు.

మీరు ఫ్రాన్స్ గురించే అడిగారు గానీ, చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. జర్మనీతోనైతే చిన్న మెట్టు డీఎస్‌టీ-డాడ్ కార్యక్రమం (డాడ్ అంటే విద్యార్థులు, అధ్యాపకుల రాకపోకలు చూసే జర్మన్ సంస్థ). రెండేళ్లు, రాకపోకల ఖర్చులు మాత్రమే. పెద్ద మెట్టు గురుగ్రామ్‌లోని ఇండో-జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్, 2010లో పెట్టారు. దాంట్లో టూ ప్లస్ టూ పద్ధతి, అంటే రెండు దేశాల నుంచీ ఒక్కో పరిశోధన సంస్థ, ఒక్కో కంపెనీ ఉండాలి. కంపెనీ దొరక్కే మనవాళ్లు చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆస్ట్రేలియాతో 2006 నుంచి ఉమ్మడి పరిశోధన నిధి ఒకటి ఉంది. మన విద్యాశాఖ 2018లో ఐఐటీ ఖరగ్‌పూర్ సమన్వయంతో స్పార్క్ మొదలుపెట్టింది. 418 కోట్లతో, 28 దేశాల యూనివర్సిటీలతో 600 ప్రాజెక్టులని అప్పట్లో ప్రకటించారు. దానికి అర్హతలో ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు, అంటే విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకు, చూస్తారు. ర్యాంకు లేని రాష్ట్ర యూనివర్సిటీ వాళ్లు ర్యాంకు ఉన్నవాళ్ల ప్రపోజల్‌లో కో-పీఐగా (సహ ముఖ్య పరిశోధకుడిగా) చేరడం ఒక దారి. ఇక యూరోపియన్ యూనియన్ హొరైజన్ కార్యక్రమంలో మన సంస్థలు చేరొచ్చు గానీ మామూలుగా డబ్బు వాళ్లివ్వరు, మన ఖర్చు మనమే తెచ్చుకోవాలి. ఆహ్వానం వచ్చిందని సంబరపడేముందు ఆ సంగతి చూసుకోండి.

అమెరికా కథ వేరే. దాని పునాదిలో గోధుమలున్నాయి. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనం కొన్న గోధుమలకు రూపాయల్లో కట్టేవాళ్లం. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో గుట్టగా పేరుకున్నాయి. 1974లో అందులో పెద్ద భాగాన్ని, 1664 కోట్ల రూపాయల చెక్కు రూపంలో, రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి తిరిగిచ్చేశారు. మిగిలిన రూపాయలతో 1987లో యూఎస్-ఇండియా ఫండ్ పెట్టి పరిశోధనలకూ చదువులకూ వాడారు. ఇప్పుడున్న ఇండో-యూఎస్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఫోరం 2000లో వచ్చింది. ఆ గోధుమ రూపాయలతోనే 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలకు పంపేవాళ్లు. మనూళ్లో దొరకని పాత తెలుగు పుస్తకం అక్కడి ఏ యూనివర్సిటీలోనో ఉందని తెలిసి ఆశ్చర్యపోతుంటాం కదా, దాని వెనక కథ ఇది. సరే, దారి తప్పాను.

మీ విషయానికి వస్తే, ఒకేసారి మూడేళ్ల ప్రాజెక్టుకు ఎగబడకండి. మీ ఇద్దరూ కలిసి రాసిన పేపర్ ఏదైనా ఉందా? పీహెచ్‌డీ నాటిది కాదు, విడిపోయాక రాసింది. లేకపోతే ముందు అది కావాలి. దానికి చిన్న డబ్బు చాలు. మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలుంటే రామన్-షార్పాక్ ఫెలోషిప్‌కు పెట్టించండి. మన సర్ సి.వి.రామన్, ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ షార్పాక్, ఇద్దరూ ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్నవాళ్లు, వాళ్ల పేర్ల మీద 2013లో పెట్టింది. పీహెచ్‌డీ విద్యార్థి కొన్ని నెలల పాటు అవతలి దేశపు ల్యాబ్‌లో పని చేసి రావచ్చు. ఒక పిల్లో పిల్లాడో వెళ్లి వస్తే ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య నలభై జూమ్ మీటింగుల్లో తెగనిది తెగుతుంది. సెఫిప్రా సెమినార్లకూ వర్క్‌షాపులకూ డబ్బిస్తుంది, అదొక దారి. ఆవిడ వైపు ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ ల్యాబ్ ఏదైనా ఉంటే వాళ్లకు రెండేళ్ల చిన్న రాకపోకల గ్రాంట్లున్నాయి, అడగమనండి.

రాకపోకల గ్రాంట్లలో మనవాళ్లు ఎక్కువగా పాటించే పద్ధతి ఏంటంటే, పంపే దేశం విమాన టికెట్ పెట్టుకుంటుంది, పిలిచిన దేశం బస, భోజనం చూసుకుంటుంది. అందుకే మీ బడ్జెట్‌లో మీ టికెట్లూ ఉండాలి, ఆవిడ ఇక్కడికొస్తే గెస్ట్‌హౌస్, ఫీల్డ్ జీపు ఖర్చూ ఉండాలి. రెండోది చాలామంది మరిచిపోతారు. తర్వాత ఫ్రాన్స్ నుంచి వచ్చిన మనిషిని సొంత కారులో తిప్పుతూ, సొంత జేబులోంచి భోజనం పెట్టిస్తూ, బయటికి మాత్రం నవ్వుతూ ఉంటారు. టికెట్ల సంగతికొస్తే, కేంద్ర గ్రాంటుతో కొనేవి బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలో ఒకదాని ద్వారానే కొనాలని ఫైనాన్స్ సెక్షన్ పట్టుబడుతుంది. ఫోన్‌లో చవగ్గా దొరికిందని కొనేసి బిల్లు పెడితే తిరిగొస్తుంది.

సమయాలు కూడా ముందే కూర్చుని సరిచూసుకోండి. మనకు నీటిమట్టం కొలవాల్సింది మేలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి. అక్కడ యూనివర్సిటీలు ఆగస్టులో మూతబడ్డట్టే ఉంటాయి, కాబట్టి ఆవిడకు ఖాళీ అప్పుడే. మేలోనూ నవంబర్‌లోనూ ఆవిడకు క్లాసులో పరీక్షలో ఉంటాయి. అక్కడ టీచింగ్ పోస్టులో ఉన్నవాళ్లు ఏడాదికి 192 గంటలు పాఠం చెప్పి తీరాలి. మా ఫ్రెంచ్ మిత్రుడొకాయన ఆగస్టులో ఉత్సాహంగా దిగాడు. వారం రోజులు వాన. బోరు దగ్గరికి వెళ్లే దారిలో జీపు దిగబడింది. ఆయన తన జీవితంలో తిన్న ఉత్తమమైన మిర్చిబజ్జీలు ఆ వారంలోనే తిన్నానని ఇప్పటికీ చెబుతాడు. డేటా మాత్రం రాలేదు. వీసా కూడా చూసుకోండి. ఫీల్డ్ పనికొచ్చే పరిశోధకులకు రీసెర్చ్ వీసా కావాలి. టూరిస్టు వీసా మీద వచ్చి బోర్లలో గొట్టాలు దించుతూ దొరికితే చిక్కు మీకూ వచ్చినవాళ్లకూ కూడా.

ఇప్పుడు "ఎంత అడగాలి" అన్నది. అంకె నేను చెప్పను, లెక్క వేసే తీరు చెబుతాను. ఎక్కువ డబ్బు పోయేది మనిషి మీద. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, దాని పై మెట్టు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000. మీలాంటి ఊళ్లో హెచ్ఆర్ఏ పది శాతం వేసుకుంటే మొదటి రెండేళ్లకు ఏడాదికి 4.88 లక్షలు, మూడో ఏడాది 5.54 లక్షలు. అంటే ఒక్క ఫెలోకే మూడేళ్లకు 15 లక్షలు దాటింది. దాని మీద ప్రయాణాలు, కెమికల్స్, ఫీల్డ్ ఖర్చు, చిల్లర ఖర్చులకు కంటింజెన్సీ, యూనివర్సిటీ తన వాటాగా తీసుకునే ఓవర్‌హెడ్. ఇవన్నీ నిజాయితీగా వేస్తే ఎంతొస్తుందో అదే అడగండి. తక్కువ అడిగితే తొందరగా ఇస్తారన్నది భ్రమ. తక్కువ అడిగినవాళ్లకు పని ఎంతవుతుందో తెలియదని మాకు అనిపించేది. ఫ్రాన్స్ ల్యాబ్‌లో విశ్లేషణకు ఫీజులుంటే అవి యూరోల్లో ఉంటాయి, మీ గ్రాంటు రూపాయల్లో ఉంటుంది. మూడో ఏడాదికి రూపాయి ఎక్కడుంటుందో చూసుకుని కొంచెం వదులుగా వేసుకోండి. కుదిరితే ఆ విశ్లేషణ ఖర్చు ఆవిడ బడ్జెట్‌లోకి నెట్టేయండి.

పెద్ద పరికరం జోలికి మాత్రం వెళ్లకండి. ద్వైపాక్షిక గ్రాంట్లలో పరికరాలంటే మొహం చిట్లిస్తారు. ఒకవేళ ఇచ్చినా క్యాపిటల్ హెడ్ (పరికరాల పద్దు) వేరు, జనరల్ హెడ్ (మిగతా ఖర్చుల పద్దు) వేరు. ఒకదాంట్లో మిగిలింది ఇంకోదాంట్లోకి మార్చుకోవాలంటే ఢిల్లీ దాకా ఉత్తరాలు నడపాలి. అయాన్ మీటర్, మంచి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, నీటిమట్టం నమోదుచేసే లాగర్లు నాలుగు, ఈ స్థాయిలో ఆగండి.

డబ్బొచ్చాక అసలు కథ మొదలవుతుంది. దాని పేరు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), అంటే డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందన్న పత్రం. మొదటి ఏడాది ఖర్చు లెక్క, యూసీ పంపితే గానీ రెండో ఏడాది డబ్బు రాదు. మార్చి 31కి లెక్క మూయాలి. మాకు ఒకసారి రెండో విడత ఏడు నెలలు ఆలస్యమైంది. ఎందుకో తెలుసా? వడ్డీ. గ్రాంటు బ్యాంకులో ఉన్నప్పుడు వచ్చిన వడ్డీని భారత్‌కోష్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా కేంద్రానికి తిరిగి కట్టి, ఆ రసీదు యూసీతో జత చేయాలి. మా సెక్షన్‌లో ప్రాజెక్టులన్నిటికీ కలిపి ఒకే సేవింగ్స్ ఖాతా. వడ్డీలో మా వాటా ఎంతో ఎవరికీ తెలియదు. సూపరింటెండెంట్ గారు కళ్లద్దాలు పైకి నెట్టి, "సార్, వడ్డీ నాలుగువేలో అయిదువేలో ఉంటుంది, దానికింత గొడవా?" అన్నారు. ఆ నాలుగువేల కోసం మా కుర్రాడికి ఏడు నెలలు స్టైపెండ్ లేదు. పెళ్లయినవాడు, చంటిపిల్ల. అద్దెకు నేనే కొంత సర్దాను. కాబట్టి శాంక్షన్ రాగానే చేయాల్సిన మొదటి పని మీ ప్రాజెక్టుకు విడిగా ఖాతా తెరిపించడం, లేదా ఏజెన్సీ జీరో బ్యాలెన్స్ పద్ధతిలో (డబ్బు ముందే ఖాతాలో పడకుండా ఖర్చు చేసేటప్పుడే వచ్చే పద్ధతిలో) ఇస్తుంటే మీ ప్రాజెక్టును ఆ ఖాతాకు జోడించడం. రెండో పని ఆ సెక్షన్‌లో మీ ఫైలు చూసే మనిషిని మనిషిగా పరిచయం చేసుకోవడం. వాళ్లను చులకనగా చూసిన ప్రొఫెసర్ల ఫైళ్లు ఎక్కడుంటాయో మీకు చెప్పనక్కర్లేదు.

శాంపిళ్లు పంపడం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. నీళ్ల శాంపిళ్లలో లోహాలు చూడాలంటే నైట్రిక్ యాసిడ్ కలిపి పెడతాం కదా. మేం అలాంటివి అరవై సీసాలు థర్మోకోల్ పెట్టెలో సర్ది, టేపు చుట్టి కొరియర్‌కు తీసుకెళ్తే, కౌంటర్‌లో అబ్బాయి డిక్లరేషన్‌లో యాసిడ్ అన్న మాట చూసి పెట్టె వెనక్కి తోసేశాడు. ప్రమాదకర సరుకు కింద వేరే ప్యాకింగ్, వేరే కాగితాలు, వేరే రేటు. ఆ తర్వాత నుంచి యాసిడ్ కలపకుండా వడబోసి పంపి, అక్కడే కలిపించుకున్నాం. అలా కుదురుతుందో లేదో మీరు చూసే మూలకాన్ని బట్టి ఉంటుంది, ఆవిడతో మాట్లాడుకోండి. నీళ్లలోని సూక్ష్మజీవుల డీఎన్ఏ కూడా చూద్దామని ఆవిడ అన్నారంటే ఒక్క క్షణం ఆగండి. సూక్ష్మజీవులు కూడా 2002 జీవవైవిధ్య చట్టం కింద జీవ వనరులే. కేంద్రం ఆమోదించిన ఉమ్మడి ప్రాజెక్టులకు, మార్గదర్శకాలకు లోబడి ఉంటే, ఆ చట్టంలో వెసులుబాటు ఉంది. ప్రపోజల్‌లో ఆ పని స్పష్టంగా రాసి ఉంటేనే దాన్ని వాడుకోగలరు. తర్వాత గుర్తొచ్చి చేరుద్దామంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ చుట్టూ తిరగాలి. ఊళ్లో మనుషుల పళ్లు, ఎముకలు, మూత్ర పరీక్షలు కూడా చేద్దామనుకుంటే అది వేరే లోకం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దగ్గరుండే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. మొదటి ప్రాజెక్టులో ఆ జోలికి పోవద్దని నా సలహా. బోర్ల మ్యాపుల విషయంలో 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల తర్వాత చాలా తేలికైంది. మీ చేతి జీపీఎస్ పాయింట్లకు భయం లేదు. డ్రోన్‌తో మీటరు కన్నా సూక్ష్మంగా తీసిన మ్యాపులు మాత్రం విదేశీ సంస్థకు అప్పగించకండి.

ఇక మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టు సంగతి. ఏ దేశమో చెప్పను. రెండో ఏడాదిలో వాళ్ల ప్రభుత్వం ఆ పథకానికి కోత పెట్టింది. అవతలి ప్రొఫెసర్ మర్యాదగా మూడు లైన్ల మెయిల్ పెట్టాడు. మా డబ్బు మాకు వస్తూనే ఉంది గానీ, మా డిజైన్‌లో సగం కొలతలు అతను చేయాలి. ఇది నాకొక్కడికే జరిగింది కాదు. 2021లో బ్రిటన్ తన విదేశీ సాయం బడ్జెట్ తగ్గించినప్పుడు ఎన్నో దేశాలతో నడుస్తున్న ఉమ్మడి ప్రాజెక్టులు మధ్యలోనే కోతపడ్డాయి. 2025 మేలో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్, తన గ్రాంటు తీసుకున్న అమెరికా సంస్థలు అందులోంచి విదేశీ భాగస్వాములకు వాటా పంపే పాత పద్ధతిని ఆపేసింది. కాబట్టి ప్రపోజల్‌లో మీ సగం ఒక్కటే మిగిలినా కనీసం ఒక పేపర్, ఒక పీహెచ్‌డీ థీసిస్ వచ్చేలా చూసుకోండి. మీ ఫెలో థీసిస్‌ను ఫ్రాన్స్ కొలతల మీద ఆధారపడేలా అస్సలు పెట్టకండి. ఆగిపోయిన ఆ ప్రాజెక్టులో మా ఫెలో థీసిస్ నేను అలాగే పెట్టాను. టాపిక్ మార్చి పూర్తిచేసేసరికి అతనికి రెండేళ్లు అదనంగా పట్టింది. ఆ తప్పు నాది.

ప్రపోజల్‌లో ఎవరి పేరు ముందుండాలన్న దాని గురించి బెంగ పడకండి. రెండు వైపులా ఒక్కో పీఐ ఉంటారు, ఇద్దరిదీ సమాన హోదానే. మీకు ఏడాదికి ఎన్ని క్లాసులు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని పోస్టులు ఖాళీ, ఇవి కూడా ఆవిడకు దాచకుండా చెప్పండి. వాళ్లు అక్కడ కూర్చుని మీకు వారానికి మూడు రోజులు పరిశోధనకే దొరుకుతాయని ఊహించుకుంటారు.

ఫ్రెంచ్ సంగతి. ప్రపోజల్, రిపోర్టులు అన్నీ ఇంగ్లిషులోనే, అక్కర్లేదు. కాకపోతే మీ విద్యార్థిని పంపేటప్పుడు పొద్దున ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ప్రతి ఒక్కరికీ బోన్‌జూర్ చెప్పమని, మధ్యాహ్నం అందరితో కలిసి భోజనానికి వెళ్లమని చెప్పండి. మా కుర్రాడు మొదటి నెల టిఫిన్ బాక్స్‌లో పులిహోర పట్టుకెళ్లి ఒక్కడే మూల కూర్చుని తినేవాడట. రెండో నెల వాళ్లతో కలిసి క్యాంటీన్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా వారానికి ఒక్కరోజు దొరికే మాస్ స్పెక్ట్రోమీటర్ మూడు రోజులు దొరికింది.

మీ ఇద్దరి ప్రశ్నను ఒక పేజీలో రాసి ఇక్కడ పెట్టండి, బడ్జెట్ అక్కర్లేదు. ఎవరి పేర్లూ, ఊళ్ల పేర్లూ లేకుండా. చదివి ఎక్కడ సందేహం వస్తుందో చెబుతాను.